తాళంచెవి ఎవరి దగ్గర? బరంపురం వైపు తెలుగువారి కోసం బ్లాగర్, వర్డ్‌ప్రెస్ పోలిక

ఒడిశాలోని బరంపురంలో నా డీటీపీ దుకాణానికి శుభలేఖల కోసమో కరపత్రాల కోసమో వచ్చేవారిలో ఏడాదికి ముగ్గురు నలుగురైనా లేచి వెళ్లబోతూ ఒక మాట అడుగుతారు: “మాకూ ఒక వెబ్‌సైటు కావాలి. బ్లాగర్ మంచిదా, వర్డ్‌ప్రెస్ మంచిదా?” అడిగేవారిలో ఒకరు తెలుగు సంఘం కార్యదర్శి, ఒకరు పట్టుచీరల వ్యాపారి, మరొకరు ఉద్యోగ విరమణ చేసిన మాస్టారు. రెండూ సైటు కట్టుకునే వేదికలే. ఎవరడిగినా నా ఎదురు ప్రశ్న ఒకటే. ఐదేళ్ల తర్వాత ఈ సైటు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?

ఇది మా వైపు మరీ గట్టిగా అడగాల్సిన ప్రశ్న. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ఏ ఊరైనా తీసుకోండి. కంప్యూటర్ బాగా తెలిసిన పిల్లలు చదువు అవగానే విశాఖకో భువనేశ్వర్‌కో హైదరాబాద్‌కో వెళ్లిపోతారు. సైటు కట్టేది వాళ్లు. ఆ తర్వాత దాన్ని మోయాల్సింది ఊళ్లో మిగిలిన పెద్దలు.

నాకు ఈ తెలివి ఊరికే రాలేదు. కొన్నేళ్ల కిందట ఒక సంఘానికి సైటు కావాలన్నప్పుడు సొంత హోస్టింగ్ (సైటు ఉంచడానికి సర్వర్ మీద అద్దెకు తీసుకునే చోటు) మీద వర్డ్‌ప్రెస్ పెట్టుకోండని సలహా ఇచ్చింది నేనే. సభ్యుడొకరి మేనల్లుడు ముచ్చటగా కట్టి ఇచ్చాడు. హోస్టింగ్ కంపెనీ రాయితీ చూపిస్తే మూడేళ్ల డబ్బు ఒకేసారి కట్టారు. తర్వాత అబ్బాయి బెంగళూరు వెళ్లాడు, ఫోను నంబరు మార్చాడు. గడువు దగ్గర పడిందన్న ఉత్తరాలన్నీ అతని కాలేజీ ఈమెయిల్‌కు వెళ్లాయి, దాన్ని అతను తెరిచే రోజులు ఎప్పుడో పోయాయి. ఒక ఉదయం చూస్తే సైటు స్థానంలో ఎవరిదో ప్రకటన పేజీ ఉంది. కంపెనీకి ఫోను చేస్తే పాత నంబరుకు వచ్చే ఓటీపీ చెప్పమన్నారు. సంఘం పత్రిక పాత సంచికల నుంచి ఏరి ఎక్కించిన ఫొటోల్లో నా కంప్యూటర్లో నకలు ఉన్నవి మాత్రమే దక్కాయి. అబ్బాయిది తప్పనను. మోయలేని బరువును ఎత్తించింది నేను.

అందుకే కింద చెప్పే పోలికలో హంగుల లెక్క తక్కువ, మోసేవారి లెక్క ఎక్కువ ఉంటుంది.

ముందు చిరునామా, తర్వాతే ఇల్లు

బ్లాగరా వర్డ్‌ప్రెస్సా అని తేల్చుకునే ముందు సొంత డొమైన్ పేరు, అంటే సైటు చిరునామా, కొనండి. డాట్ ఇన్ పేరు సాధారణంగా ఏడాదికి వెయ్యి రూపాయల లోపే వస్తుంది. ఈ ఒక్క ఖర్చు విషయంలో నేను ఎవరితోనూ బేరం ఆడను.

దీనికి కారణం చెబుతాను. 2012 ప్రాంతంలో మన దేశం నుంచి బ్లాగర్ సైటు తెరిస్తే బ్లాగ్‌స్పాట్ డాట్ కామ్ అని కొట్టినా బ్లాగ్‌స్పాట్ డాట్ ఇన్‌కు మళ్లేది. చాలామంది తమ చిరునామా అదే అనుకుని విజిటింగ్ కార్డుల మీద, సంచికల వెనక అట్టల మీద అచ్చు వేయించుకున్నారు. నేనే ఎన్నో వేసి ఇచ్చాను. 2018లో గూగుల్ ఆ మళ్లింపు మానేసింది. 2020లో ఆ డాట్ ఇన్ పేరే గూగుల్ చేతి నుంచి జారి వేరొకరి పరమైంది. అచ్చయిన ఆ లంకెలన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. అంత పెద్ద కంపెనీయే ఒక పేరు గడువు చూసుకోలేకపోయింది. మనమెంత? అయితే సొంత పేరు ఉంటే గడువు గుర్తుంచుకోవాల్సిన పని మన చేతిలో ఉంటుంది, ఇల్లు మారినా చిరునామా మారదు. బ్లాగర్‌లో మొదలుపెట్టి మూడేళ్లకు వర్డ్‌ప్రెస్‌కు వెళ్లినా చదువరి కొట్టే పేరు అదే.

తెలుగు లిపిలోనే డొమైన్ తీసుకోవచ్చు కదా అని మాస్టార్లు అడుగుతారు. డాట్ భారత్ అనే పొడిగింపు తెలుగు లిపిలో నిజంగానే ఉంది. భాషాభిమానం నాకూ ఉంది. కానీ అలాంటి చిరునామాను కొన్ని చోట్ల అతికిస్తే తెలుగు పోయి ఎక్స్ ఎన్ అని మొదలయ్యే పిచ్చి అక్షరాల వరుస కనిపిస్తుంది. దాన్ని చూసి ఇదేదో మోసపు లంకె అనుకుని నొక్కని బంధువులు నాకే ఉన్నారు. తెలుగు పేరు కావాలంటే రెండోదిగా ఉంచుకోండి.

బ్లాగర్: పాత ఇల్లే, కానీ కప్పు కారదు

బ్లాగర్ 1999లో పైరా ల్యాబ్స్ అనే చిన్న కంపెనీ చేతిలో పుట్టింది. 2003లో గూగుల్ కొనేసింది. 2020లో రాసుకునే తెర రూపం మార్చడం తప్ప ఈ మధ్య పెద్ద మార్పులేమీ చేయలేదు. కొత్తదనం కోరేవారికి ఇది లోపంగా కనిపిస్తుంది. నాకు మాత్రం ఇందులో సగం మేలు కూడా కనిపిస్తుంది. ఒకసారి నేర్చుకున్న మాస్టారు మళ్లీ నేర్చుకోనక్కరలేదు.

దీనికి డబ్బు కట్టక్కరలేదు. మనం పెట్టుకుంటే తప్ప ప్రకటనలు రావు. సొంత డొమైన్ తగిలించుకోవడానికి బ్లాగర్ పైసా అడగదు, పాత బ్లాగ్‌స్పాట్ చిరునామాకు వచ్చినవారిని తనే కొత్త పేరుకు పంపిస్తుంది. భద్రతా తాళం గుర్తు కూడా ఉచితంగానే వస్తుంది. అన్నిటికంటే పెద్ద సుఖం, అప్‌డేట్లు చేయడం, హ్యాకర్ల బెడద, సర్వర్ పడిపోవడం వంటి తలనొప్పులు మనవి కావు. మా ఊళ్లో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర జరుగుతుంది. యాత్ర వివరాలు, ఫొటోలు పెట్టిన పేజీకి ఆ రోజుల్లో ఒక్కసారిగా జనం వచ్చి పడితే చవక హోస్టింగ్ చేతులెత్తేయవచ్చు. బ్లాగర్ పేజీకి ఆ బాధ లేదు.

ఇక చిక్కులు. మొదటిది, అంతా ఒక గూగుల్ ఖాతాకు కట్టి ఉంటుంది. ఆ ఖాతా పోతే సైటూ పోయినట్టే. రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తోంది. సంఘం పేరుతో విడిగా ఖాతా తెరిచి, సైటు కట్టాక దాని మొహం చూడనివారు ఇక్కడే దెబ్బతింటారు. దీనికి విరుగుడు సులభం. సెట్టింగుల్లో ఇంకో ఇద్దరిని నిర్వాహకులుగా చేర్చండి. ఒకరు ఊళ్లో ఉండేవారు, ఒకరు బయట ఉండేవారు అయితే మంచిది.

రెండోది గూగుల్ గుణం. నచ్చకపోతే ఒక సేవను ఆపేయడానికి వెనకాడదు. 2019లో గూగుల్ ప్లస్ అనే తన సామాజిక మాధ్యమాన్ని మూసేసినప్పుడు దాని ద్వారా బ్లాగర్ టపాల (సైటులో వేసే ఒక్కో రాత) కింద పడిన వ్యాఖ్యలన్నీ చెరిగిపోయాయి. 2021లో కొత్త టపాలను ఈమెయిల్‌కు పంపే సదుపాయం పోయింది. రేపు బ్లాగరే పోతే? పోవచ్చు. అందుకే ఆరు నెలలకోసారి సెట్టింగుల్లోకి వెళ్లి మొత్తం టపాలను ఒక ఫైలుగా దింపుకోండి. ఆ ఫైలును దిగుమతి పనిముట్టుతో వర్డ్‌ప్రెస్‌లోకి తెచ్చుకోవచ్చు. ఫొటోల నకళ్లు మాత్రం విడిగా ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోవాలి.

మూడోది అమరిక. బ్లాగర్ పుట్టింది తేదీల వారీగా రాసుకోవడానికి. కథలు, వ్యాసాలు, సంఘం వార్తలు, జాతర కబుర్లు రాసేవారికి ఇది చక్కగా సరిపోతుంది. నేత రకాన్ని బట్టి, ధరను బట్టి, రంగును బట్టి వడపోసి చూపాల్సిన చీరల జాబితాకు సరిపోదు. బయట ఉచితంగా దొరికే థీములతో (సైటు రూపాన్ని మార్చే నమూనాలు) ఆ పని చేయించవచ్చని కొందరు చెబుతారు. వాటిలో చాలావాటి అడుగున దాచిన ప్రకటన లంకెలు ఉంటాయి. తీసేస్తే సైటు మొత్తం ఇంకెక్కడికో మళ్లిపోయేలా రాసిపెట్టిన థీములను నేను చూశాను. బ్లాగర్ ఇచ్చే సొంత థీముల్లో ఒకటి తీసుకుని ఊరుకోవడమే మేలు.

వర్డ్‌ప్రెస్ అంటే ఏ వర్డ్‌ప్రెస్?

సగం గందరగోళం ఈ పేరుతోనే వస్తుంది. 2003లో మాట్ ములన్‌వెగ్, మైక్ లిటిల్ కలిసి మొదలుపెట్టిన వర్డ్‌ప్రెస్ ఒక ఉచిత సాఫ్ట్‌వేర్. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దీని మీదే నడుస్తున్నాయి. దాన్ని దింపుకుని, మనం అద్దెకు తీసుకున్న సర్వర్ మీద మనమే పెట్టుకోవచ్చు. ఇది వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ దారి. 2005లో మొదలైన వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ వేరు. అక్కడ ఆటోమాటిక్ అనే కంపెనీ అదే సాఫ్ట్‌వేర్‌ను తన సర్వర్ల మీద నడిపి మనకు గది ఇస్తుంది. ఒకటి సొంత స్థలంలో ఇల్లు కట్టుకోవడం, రెండోది అపార్ట్‌మెంటులో అద్దెకు దిగడం.

డాట్ కామ్ ఉచిత పథకం గురించి ఎక్కువ చెప్పను. మా అవసరాలకు అది పనికిరాదు. నిల్వ 1 జీబీ మాత్రమే. ఫోనుతో తీసిన ఒక్కో ఫొటో 4 ఎంబీ అనుకుంటే 250 ఫొటోలకే నిండిపోతుంది. మన టపాల మధ్య వాళ్ల ప్రకటనలు వస్తాయి. సొంత డొమైన్ పెట్టాలంటే డబ్బు కట్టాలి. ప్లగిన్లు (అదనపు పనులు చేయించే చిన్న ప్రోగ్రాములు) ఉండవు. ఏమీ కట్టలేనప్పుడు బ్లాగర్ ముందు ఇది నిలవదు.

డబ్బు కట్టే పథకం మాట వేరు. ఏటా కొంత కట్టగల స్తోమత ఉండి, సాంకేతిక మనిషి అందుబాటులో లేని సంఘానికి, చిన్న బడికి అది మంచి మధ్యేమార్గం. అప్‌డేట్లు, రక్షణ వాళ్లు చూసుకుంటారు. కొత్త టపా పడితే చందాదారులకు ఈమెయిల్ వెళ్తుంది. హైదరాబాద్‌లో, అమెరికాలో ఉన్న మా ఊరివాళ్లకు సంఘం కబురు చేరాలంటే ఇది ఎంత అక్కరో బ్లాగర్‌లో అది పోయాక తెలిసింది. ఫోను యాప్ కూడా బాగుంటుంది. సభ జరుగుతుండగానే వేదిక ముందు కూర్చుని నాలుగు ఫొటోలతో టపా వేయవచ్చు.

సొంత హోస్టింగ్ మీద వర్డ్‌ప్రెస్‌కు వస్తే, చేయలేనిది లేదు. రెండు భాషల సైటు, దుకాణం, సభ్యుల పట్టిక, ఆడియో భాండారం, ఏది కావాలన్నా ప్లగిన్ దొరుకుతుంది. కానీ ప్రతి ప్లగిన్ ఒక తలుపు. అప్‌డేట్ చేయకుండా వదిలేస్తే దొంగ దూరేది అక్కడి నుంచే. తెలుగు సైటు తెరిస్తే పరభాషలో మందుల ప్రకటనలు కనిపించడం మీరూ చూసే ఉంటారు, చాలావరకు ఇదే కారణం. నెలకు ఒకసారైనా లోపలికి వెళ్లి అప్‌డేట్లు చేసి, నకలు దింపి, చెత్త వ్యాఖ్యలు ఊడ్చే మనిషి ఉండాలి. హోస్టింగ్ ధర విషయంలో కూడా మొదటి ఏడాది అంకె చూసి మురిసిపోకండి. పునరుద్ధరణ ధర కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది రెండు మూడింతలు ఉండటం మామూలే.

నెలకు రెండు గంటలు ఇవ్వగల మనిషి పేరు మీరు ఇప్పుడే చెప్పగలిగితే ఈ దారి పట్టండి. “ఎవరో ఒకరు చూస్తారులెండి” అన్నారంటే వద్దు.

తెలుగు అక్షరం దగ్గర వచ్చే పేచీలు

ఇంగ్లీషులో రాసే పోలికల్లో ఈ సంగతులు ఉండవు. మనకు మాత్రం రోజూ ఎదురయ్యేవి ఇవే.

టపా శీర్షిక తెలుగులో పెడితే బ్లాగర్ దాని చిరునామాలో తెలుగును వదిలేసి బ్లాగ్-పోస్ట్ అని, పక్కన ఒక అంకె వేసి ఊరుకుంటుంది. వంద టపాల తర్వాత చిరునామా చూసి ఏది ఏదో చెప్పలేము. వర్డ్‌ప్రెస్ ఇందుకు తిరగబడ్డ రకం. తెలుగును అలాగే ఉంచుతుంది, కానీ నకలు తీసి వాట్సాప్‌లో అతికిస్తే ఒక్కో అక్షరమూ గుర్తూ తొమ్మిది చిహ్నాలుగా విడిపోవచ్చు. “పర్లాకిమిడి” అన్న ఒక్క మాట 99 చిహ్నాలవుతుంది. పైగా వర్డ్‌ప్రెస్ ఆ పేరుకు లోపల కేటాయించే చోటు 200 చిహ్నాలు. అలాంటి మాటలు రెండు పట్టేసరికి నిండిపోయి మిగతాది తెగిపోతుంది. రెండింటికీ మందు ఒకటే. ప్రచురించే ముందే చిరునామాను ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు చిన్న మాటలుగా మీరే రాయండి. బ్లాగర్‌లో ప్రచురించాక మార్చాలంటే టపాను వెనక్కి తీసుకోవాలి.

తర్వాత వరుసల ఎడం. ఇంగ్లీషు కోసం చేసిన థీముల్లో వరుసలు దగ్గరగా ఉంటాయి. మన ఒత్తులు కింది వరుస గుడిదీర్ఘాల మీద ఎక్కి కూర్చుంటాయి. అక్షరం కొలతకు 1.7 రెట్లు వరుస ఎడం పెడితే కళ్లకు హాయి. బ్లాగర్‌లో థీమ్ అమరికలోకి వెళ్లి ఈ ఒక్క వరుస సీఎస్ఎస్ (పేజీ రూపం ఎలా ఉండాలో చెప్పే సూచన) చేర్చుకోవచ్చు. సొంత వర్డ్‌ప్రెస్‌లోనూ కుదురుతుంది.

ఫాంటు సంగతి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సురన్న, నోటో సాన్స్ తెలుగు వంటివి ఉచితంగా ఉన్నాయి. గిడుగు పేరుతో కూడా ఒకటి ఉంది. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర భాషకు నిఘంటువు కట్టి, వాడుక తెలుగు కోసం పోరాడిన రామమూర్తి పంతులుగారి పేరు అది. మా జిల్లాల వాళ్లు సైటు శీర్షికకు ఆ ఫాంటు పెట్టుకుంటే నాకు అదో తృప్తి. వ్యాసం మొత్తానికి మాత్రం వద్దు, అది పెద్ద అక్షరాలకు చేసినది. చదివే పాఠానికి మండలి గానీ నోటో గానీ వాడండి.

పాత సంచికల గొడవ ఇంకొకటి. సంఘాల దగ్గర ఉన్న పాత ఫైళ్లన్నీ పేజ్‌మేకర్ అనే పాత అచ్చు సాఫ్ట్‌వేర్‌లో అను అనే పాత తరహా తెలుగు ఫాంట్లతో కట్టినవి. వాటిని నకలు తీసి సైటులో అతికిస్తే తెలుగు బదులు అర్థంలేని రోమన్ గుర్తులు పడతాయి. ఎక్కడ తెరిచినా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌కు మార్చే పనిముట్లు ఉన్నాయి, కానీ మార్చాక ఒత్తులు ఒకసారి దిద్దుకోవాలి. ఈ పనికి పట్టే కాలం సైటు కట్టడానికి పట్టేదానికంటే ఎక్కువ. వేదిక ఏదైనా ఈ చాకిరీ తప్పదు, దీన్ని లెక్కలో వేసుకోండి.

మాట తెలుగు, చదువు ఒడియా

మా పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా లేదా ఇంగ్లీషు చదువుతారు. తెలుగు వింటే అర్థమవుతుంది, చదవలేరు. సంఘం సైటు తెలుగు లిపిలోనే ఉంటే వాళ్లకు అది మూసిన పుస్తకమే. కాబట్టి సైటు రెండు భాషల్లో ఉండాలా అన్నది ముందే తేల్చుకోవాలి.

బ్లాగర్‌లో ఒకే సైటులో రెండు భాషలు నడపడం అతుకుల బొంత. రెండు బ్లాగులు తెరిచి, ఒకే డొమైన్ కింద తెలుగుకు ఒక ఉపపేరు, ఒడియాకు ఒక ఉపపేరు ఇచ్చి, పైన ఒకదానికొకటి లంకె వేసుకోవడం నయం. సొంత వర్డ్‌ప్రెస్‌లో పాలీలాంగ్ అనే ఉచిత ప్లగిన్ తెలుగు పేజీని దాని ఒడియా పేజీతో ముడివేస్తుంది. భాషల పనిలో వర్డ్‌ప్రెస్‌దే పైచేయి, ఇందులో మొహమాటం లేదు.

చదవలేని పిల్లల కోసం ఇంకో చిన్న ఉపాయం ఉంది. వ్యాసాన్ని ఎవరైనా చదివి వినిపిస్తే రికార్డు చేసి యూట్యూబులో పెట్టి, టపా పైన అతికించండి. బ్లాగర్‌కు ఆడియో ఫైలును నేరుగా ఎక్కించే వీలు లేదు, యూట్యూబు దారి రెండు చోట్లా పనిచేస్తుంది. నాయనమ్మ గొంతుతో పెట్టిన ఒక పండుగ పాట టపాను మా వీధిలో పిల్లలు విన్నన్నిసార్లు నా వ్యాసం ఏదీ ఎవరూ చదవలేదు.

చీరల కొట్టుకు

బరంపురం పట్టు నేసే దేవాంగుల ఇళ్ల నుంచి వచ్చే కుర్రాళ్లు నేరుగా ఆన్‌లైన్ దుకాణమే కావాలంటారు. వర్డ్‌ప్రెస్ మీద వూకామర్స్ ప్లగిన్‌తో అది చేయవచ్చు. చేశాక ప్రతి చీరకూ ఫొటో, ధర, నిల్వ మార్చుతూ ఉండాలి. పట్టుచీర ఒక్కో రంగులో ఒక్కటే ఉంటుంది. కొట్టులో అమ్ముడైన చీర సైటులో ఇంకా కనిపిస్తే రాత్రి పదికి ఎవరో డబ్బు కట్టేస్తారు, పొద్దున్నే క్షమాపణ చెప్పుకోవాలి. నెలకు ముప్పై నలభై చీరలు బయటికి పంపనివారికి బుట్ట, చెల్లింపుల యంత్రాంగం అనవసరపు బరువు. ఐదారు పేజీల సైటు చాలు. ఫోడా కుంభ అంచు అంటే ఏమిటో, నేతకు ఎన్ని రోజులు పడుతుందో, అసలు పట్టును ఎలా గుర్తించాలో రాసి, కింద వాట్సాప్ లంకె పెట్టండి. సరుకు జాబితా వాట్సాప్ బిజినెస్‌లో ఉంచుకోండి. ఆ ఐదారు పేజీలకు బ్లాగరూ చాలు, గూగుల్ సైట్సూ చాలు.

గూగుల్ సైట్స్ అంటే గుర్తొచ్చింది. ఎప్పుడో ఒకసారి తప్ప మారని పేజీలకు అది బ్లాగర్ కంటే తేలిక, లాగి పెట్టేస్తే అయిపోతుంది. అందులో టపాలు, వ్యాఖ్యలు ఉండవు, రాసేవారికి పనికిరాదు. విక్స్ వంటి సైటు కట్టే సేవలు చూపుకు అందంగా ఉంటాయి కానీ అక్కడ కట్టిన ఇంటిని ఊడదీసి వేరేచోట నిలబెట్టడం చాలా కష్టం. మా వాళ్లకు నేను చెప్పను.

మొన్న ఆ పాత సంఘం వాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి కార్యదర్శిగారు, “బాబూ, మావాళ్లలో నెలకు రెండు గంటలు కూర్చునేవాడు ఎవడూ లేడు, నిజం చెబుతున్నాను” అన్నారు. బ్లాగర్ తెరిచాను. డొమైన్ సంఘం పేరున, సంఘం ఈమెయిల్‌తో ఐదేళ్లకు కొన్నాం. నిర్వాహకులు ముగ్గురు: కార్యదర్శిగారు, కోశాధికారిగారి కోడలు, బెంగళూరులో ఉన్న ఆ మేనల్లుడు. ఖాతా పేరు, పాస్‌వర్డు, ఓటీపీ ఏ నంబరుకు వస్తుందో, డొమైన్ గడువు తేదీ, అన్నీ ఒక కాగితం మీద రాసి కవరులో పెట్టి, సంఘం బీరువాలో మినిట్స్ పుస్తకం పక్కన ఉంచాం. కొత్త కార్యవర్గం వచ్చినప్పుడు బీరువా తాళంతోపాటు ఆ కవరూ అప్పగించాలని తీర్మానం రాయించాను.